తిరిగి వచ్చిన రిటర్ను - నా అనుభవం
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదాయపు పన్ను రిటర్నుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను పన్ను నిపుణుణ్ణి కాను. సబ్ ట్రెజరీలో 33 ఏళ్లు బిల్లులు పరిశీలించినవాణ్ణి. ఎన్నో బిల్లులకు అభ్యంతరం రాసి తిప్పి పంపాను. చివరకు నా రిటర్నుకే అభ్యంతరం వచ్చింది. వచ్చిన సంగతి కూడా నాకు మూడు నెలలు తెలియలేదు.

2023 జులైలో మా వీధి చివర నెట్ సెంటరులో ఐ.టి.ఆర్-1 వేయించాను. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నా ఫిక్స్‌డ్ డిపాజిట్లపై రూ.68,000 వడ్డీ వచ్చింది. ఫారం 15హెచ్ ఇవ్వడం మరిచాను కనుక బ్యాంకు వారు 10 శాతం, అంటే రూ.6,800 టి.డి.ఎస్. కోశారు. సెంటరు కుర్రవాడు "ఈ వడ్డీ కూడా ఉంచమంటారా సార్?" అని అడిగాడు. "పన్ను ఎలాగూ కోసేశారు కదా, మళ్లీ ఎందుకు? తీసెయ్యి బాబూ" అన్నాను. వడ్డీ తీసేశాం. దానిపై కోసిన పన్ను మాత్రం వాపసు ఇమ్మని అడిగాం. ఓచరు జతచేయకుండా బిల్లు పెట్టినట్టే! అలాంటి బిల్లు నా బల్ల మీదికి వస్తే ఒక్క నిమిషం కూడా ఉంచేవాణ్ణి కాను.

ఆధార్ ఓ.టి.పి. నా ఫోనుకే వచ్చింది, చెప్పాను, రిటర్ను ధ్రువీకరణ అయింది. ఇక ఏ కబురైనా నా ఫోనుకే వస్తుందనుకున్నాను. అక్కడే పొరపడ్డాను. ఆధార్‌లో ఉన్నది నా నంబరే. పన్ను పోర్టల్‌లో ఉన్నవి మాత్రం ఎప్పుడో రిజిస్టరు చేసిన రోజున సెంటరు వారు పెట్టిన వారి ఫోను నంబరు, వారి ఈ-మెయిలు.

డిసెంబరులో పాస్‌బుక్కు అచ్చు వేయిస్తే వాపసు సొమ్ము జమ కాలేదు. మా కోడలు ఆధార్ ఓ.టి.పి.తో కొత్త పాస్‌వర్డు పెట్టి పోర్టల్ తెరిచింది. "మామయ్యా, సెప్టెంబరులోనే నోటీసు వచ్చింది" అంది. 1961 చట్టం 139(9) సెక్షన్ కింద, రిటర్ను లోపభూయిష్టమని, 15 రోజుల్లో సరిదిద్దమని. గడువు దాటింది. రిటర్ను చెల్లలేదు. అంటే నేను అసలు రిటర్ను వేయనట్టే లెక్క.

అదృష్టవశాత్తు ఆలస్యపు రిటర్నుకు డిసెంబరు 31 వరకు గడువు ఉంది. వడ్డీ చూపించి మళ్లీ వేశాం. సీనియర్ సిటిజన్లకు వడ్డీపై పాత పద్ధతిలో ఉన్న రూ.50,000 మినహాయింపు పోగా ఆదాయం 5 లక్షల లోపే తేలింది, పన్ను పడలేదు. ఆలస్య రుసుము రూ.1,000 పోయి రూ.5,800 చేతికొచ్చింది. వెయ్యి రూపాయల కంటే, లెక్కలు చూసినవాణ్ణే లెక్క తప్పానన్న బాధే ఎక్కువైంది.

మిత్రులారా, నేను నేర్చుకున్నవి చెబుతాను. ఒకటి, పోర్టల్‌లో ఫోను నంబరు, ఈ-మెయిలు మీవో, మీ ఇంట్లోవారివో ఉండాలి. ఈ సాయంత్రమే చూడండి. రెండు, వేసే ముందు ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక దగ్గర పెట్టుకుని పింఛను, వడ్డీ, కోత సరిపోల్చుకోండి. కోత చూపిస్తే ఆదాయమూ చూపాలి. మూడు, రిటర్ను పంపగానే పని అయినట్టు కాదు. ధ్రువీకరణ కావాలి, అదీ గడువులోగా. ఆ తర్వాత కూడా నెలకోసారి స్థితి చూడండి. నాలుగు, నోటీసు వస్తే కంగారు పడవద్దు. దాచనూ వద్దు. తప్పేమిటో, గడువెంతో అందులోనే ఉంటుంది. ఐదు, వాపసు వచ్చింది, ఈ లింకు నొక్కండి అని వచ్చే సందేశాలను నమ్మవద్దు. నేరుగా పోర్టల్‌కే వెళ్లండి.

ఒక్క మాటతో ముగిస్తాను. నా సర్వీసులో, బిల్లు వెనక్కి వచ్చిన ఉపాధ్యాయులు కిటికీ దగ్గర నిలబడి "తప్పేమిటి సార్?" అని అడిగేవారు. కొందరికి ఓపికగా చెప్పాను, కొందరిని విసుక్కున్నాను. ఇప్పుడు మన సంఘం కార్యాలయంలో ప్రతి జులైలో శనివారాలు కూర్చుంటానని కార్యదర్శి గారికి మాట ఇచ్చాను. కాగితాలు తీసుకుని రండి. విసుక్కోను.