అమ్మ భుజం నొప్పి

మిత్రులారా, వ్యాపారంలో నిలబడాలంటే ఏ గుణం ఉండాలో చెప్పమన్నారు. మన ఉమ్మడి నల్లగొండ మనిషి గురించి చెప్తాను.

ఆలేరు దగ్గర శారాజీపేట. చింతకింది మల్లేశం గారి బడి చదువు ఆరో తరగతితోనే ఆగింది. పోచంపల్లి చీరకు ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పి. అది చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. అప్పులయ్యాయి. ఊళ్లో నవ్వారు. హైదరాబాదులో కూలి చేసుకుంటూ ఒక్కో భాగం కూర్చుకున్నారు. 1999లో యంత్రం తయారైంది. దానికి అమ్మ పేరే: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మా అమ్మా ఆసు పోసేది. రాత్రిళ్లు ఆమె భుజానికి జండూబామ్ రాసింది నేనే. రాసి, పడుకునేవాణ్ని. ఇంకేదైనా చేయొచ్చన్న ఆలోచనే రాలేదు. నా మొదటి షాపూ రెండేళ్లకే మూసేశాను, ఏడేళ్ల ఓపిక ఎక్కడిది!

ఇప్పుడు మోటార్ల షాపులో వచ్చిన ప్రతి గిరాకీని అడుగుతున్నా, 'ఎక్కడ ఇబ్బంది అయితుందే?' అని. మొన్న ఒక రైతు, రాత్రి కరెంటొస్తే చీకట్లో స్టార్టర్ డబ్బా తెరవాలంటే భయమన్నాడు. దానికో చిన్న లైటు బిగించే పనిలో ఉన్నాను. రెండుసార్లు కాలిపోయింది.