పాట తెగితే తప్పు స్పీకరుదేనా?

ఇంట్లో కంప్యూటర్ నత్తనడక నడుస్తూ, పాట మధ్యమధ్య తెగుతుంటే చాలామంది ముందు స్పీకర్లు మారుస్తారు. అది దండగ ఖర్చే. సీడీ నాణ్యత గల పాటలో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 నమూనాలుంటాయి. ప్రాసెసర్ వాటిని కొద్దికొద్దిగా బఫర్ అనే చిన్న నిల్వలో నింపుతుంటే, సౌండ్ కార్డు అక్కడి నుంచి తీసుకుని వినిపిస్తుంది. నింపడం ఆలస్యమైతే నిల్వ ఖాళీ అవుతుంది, పాట తెగుతుంది. స్పీకరు చెడితే గొంతు బొంగురుపోతుంది గానీ తెర మీద మౌస్ బాణం ఆగిపోదు కదా! పాట, బాణం రెండూ ఒకేసారి తడబడుతున్నాయంటే జాప్యం లోపలే ఉంది.

కృష్ణమ్మ కడలిలో కలిసే చోటికి దగ్గరున్న పాలకాయతిప్ప లాంటి తీరంలో మొదట అనుమానించాల్సింది ఫ్యానునే. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను లాగుతుంది. ఆ తేమకు దుమ్ము అట్టకట్టి గాలి దారి మూసేస్తుంది. వేడెక్కిన ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. వైరస్ కావచ్చు కదా అంటారా? కావచ్చు. టాస్క్ మేనేజర్ తెరిస్తే, ముక్కూమొహం తెలియని ప్రోగ్రామ్ ఏదైనా ప్రాసెసర్‌ను తినేస్తోందేమో తెలుస్తుంది. ఆన్ చేయగానే బాగుండి, అరగంటకు నీరసిస్తుంటే మాత్రం వేడినే పట్టుకోవాలి. ర్యామ్ పెంచితే సరిపోదా అంటే, ర్యామ్ వేడిని తగ్గించదు. పాత విండోస్ ఎక్స్‌పీలో మరో తిరకాసుంది: డిస్కు చదవడంలో తప్పులు పదేపదే వస్తే విండోస్ ఆ సమాచారాన్ని నేరుగా మెమరీకి చేర్చే డీఎంఏ పద్ధతి వదిలి, ప్రాసెసరే స్వయంగా మోయాల్సిన పీఐఓ పద్ధతికి దిగజారుతుంది, మోతబరువంతా ప్రాసెసర్ నెత్తినే పడుతుంది. అందుకే ప్లగ్గు పీకి, ఫ్యాను దుమ్ము మెత్తని బ్రష్‌తో దులిపి, కేబుల్ కొసలకు తుప్పు పట్టిందేమో చూశాకే కొత్త భాగాల కోసం అవనిగడ్డ బస్సెక్కండి.