ఫిల్టరు కింద పాత వాషరు



ట్రాక్టరుకు ఇంజనాయిలు మార్చడానికి షెడ్డుకే పోనక్కర్లేదు. ఇంటి ముందరే మార్చుకోవచ్చు. అయితే ఫిల్టరు దగ్గర చాలామంది పొరపాటు పడతారు.

ముందు బండిని చదును నేల మీద ఆపాలి. ఇంజను కొద్దిసేపు నడిపి కట్టెయ్యాలి. గోరువెచ్చని ఆయిలు మడ్డితో సహా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, జాగ్రత్త! కింద తొట్టి పెట్టి బోల్టు విప్పాలి.

తర్వాత డబ్బాలాంటి ఫిల్టరు విప్పాలి. దాని మూతికి నల్లని రబ్బరు వాషరు ఉంటుంది. ఒక్కోసారి ఫిల్టరు ఊడి వస్తుంది, వాషరు మాత్రం ఇంజనుకే అంటుకుపోతుంది. అదీ నలుపే, ఆ చోటూ నలుపే! కంటికి ఆనదు. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు వాషర్లు అవుతాయి. ఇంటి దగ్గర చుక్క కూడా కారకపోవచ్చు. చేలో దమ్ము చేసేటప్పుడు ఆయిలు ఒత్తిడికి వాషరు పక్కకు జారుతుంది. ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేస్తుంది. ఇక అప్పు చెయ్యాల్సిందే.

అందుకే పాత ఫిల్టరు తిప్పి చూడాలి. వాషరు దానికే ఉందా? లేకపోతే ఇంజను మీద వేలితో తడిమి తియ్యాలి. ఆ చోటు గుడ్డతో తుడవాలి. కొత్త వాషరుకు కొత్త ఆయిలు రాసి, చేత్తోనే బిగించాలి. వాషరు తగిలాక ఎంత తిప్పాలో ఫిల్టరు మీదో, దాని అట్టపెట్టె మీదో రాసి ఉంటుంది. చదవండి. చాలావాటికి ముప్పావు చుట్టు చాలు. పానా పట్టి బిగిస్తే వాషరు నలిగిపోతుంది.

కింది బోల్టు బిగించి, కొత్త ఆయిలు పొయ్యాలి. ఇంజను నడిపి ఫిల్టరు చుట్టూ చూడాలి. ఆపి, కాసేపయ్యాక పుల్లతో మట్టం చూడాలి. పాత ఆయిలు కాలవలో పొయ్యకండి, డబ్బాలో దాచండి. మార్చిన తేదీ, మీటరులోని గంటలు నోటుబుక్కులో రాసుకోండి.