దుప్పటిలో చీటీ



నిన్న మన కేంద్రంలో ఒక సినిమా చూశాం. పేరు 'ది కిడ్'. అంటే పిల్లవాడు. 1921లో అమెరికాలో చార్లీ చాప్లిన్ తీశాడు. చిన్న మీసం, చేతికర్ర, పెద్ద బూట్లు. చూడగానే మీరు గుర్తుపట్టారు. అది మాటలు లేని సినిమా. ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. రాలేనివాళ్ల కోసం కథ చెబుతాను.

ఒక పేద తల్లి. బిడ్డ తండ్రి ఆమెను వదిలేశాడు. పసిబిడ్డను తెచ్చి గొప్పవాళ్ల కారులో పెట్టింది. దయగా పెంచమని చీటీ రాసి దుప్పటిలో ఉంచింది. ఆ కారును దొంగలు ఎత్తుకుపోయారు. బిడ్డను చూసి ఒక సందులో వదిలేశారు. చార్లీకి దొరికాడు. అతనూ పేదవాడే. ముందు వదిలించుకోవాలని చూశాడు. చీటీ చదివాక తన గదికి తీసుకుపోయాడు.

ఐదేళ్లు గడిచాయి. పిల్లవాడు రాళ్లు వేసి కిటికీ అద్దాలు పగలగొడతాడు. చార్లీ వెనకే వచ్చి కొత్త అద్దాలు బిగిస్తాడు. మనం పడీపడీ నవ్వాం. కానీ వాళ్లకు అదే కూడు.

పిల్లవాడికి జబ్బు చేసింది. డాక్టరుకు చార్లీ పాత చీటీ చూపించాడు. అంతే, అనాథాశ్రమం వాళ్లు బండి తెచ్చారు. పిల్లవాడు చేతులు చాచి ఏడుస్తుంటే మన గదిలో చడీ చప్పుడూ లేదు. చార్లీ ఇళ్ల కప్పుల మీద పరుగెత్తి బిడ్డను దక్కించుకున్నాడు. తర్వాత ఆ చీటీ కన్నతల్లి కంటపడింది. అది తను రాసిందే! చివరికి బిడ్డ ఆమె దగ్గరికి చేరాడు. చార్లీనీ ఆ ఇంటికి పిలిచారు.

చాప్లిన్ ఇలాంటి బతుకు బతికినవాడే. ఏడేళ్ల వయసులో లండన్‌లో పేదల వసతిశాలలో చేరాడు. అక్కడ తల్లికి దూరంగా ఉంచారు.

మన విజయవాడ స్టేషను చూడండి. హైదరాబాదు, మద్రాసు, కలకత్తా వైపు రైళ్లన్నీ అక్కడ కలుస్తాయి. ఇల్లు వదిలిన పిల్లలు అక్కడ దిగుతారు. అందరూ అనాథలు కారు. తాగుడు, దెబ్బలు, కొందరికి పరీక్ష తప్పిన భయం. ఇలాంటి పిల్లల కోసమే 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ మొదలైంది. ఒంటరి పిల్ల కనపడితే 1098కి ఫోన్ చేయండి. డబ్బు పడదు. దొరికిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలని చట్టం ఉంది.

నిన్న ఒక పిన్ని అడిగింది: "చీటీ రాసిన తల్లి తన పేరెందుకు రాయలేదమ్మా?" నాకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. సిగ్గుతో, భయంతో రాయలేదు. రాసుంటే ఐదేళ్లు ఎడబాటు ఉండేదా?

నెమలి తిరునాళ్లకు, దసరాకు బెజవాడ కొండకు పిల్లల్ని తీసుకుపోతాం. జేబులో చీటీ పెడదాం. పలకలు తీయండి. ముందు పిల్ల పేరు. తర్వాత అమ్మ పేరు, అంటే మీ పేరు. ఊరు. తిరువూరు మండలం. జిల్లా దగ్గర ఆగండి. 2022 నుంచి మనది కృష్ణా కాదు, ఎన్టీఆర్ జిల్లా. కింద ఫోన్ నంబరు. అంకెలు విడివిడిగా, పెద్దగా రాయండి.