స్టేషను దాకా పోని లెక్క

పొదుపులు, బ్యాంకు లింకేజీ లెక్కలు కోశాధికారి అక్క చదివింది. మేము ఇంకో లెక్క చెప్పాలని నిలబడినాము.

పోయిన ఎండాకాలం మా సంఘంలో ఒకక్క వాళ్ల బోరు మోటారు వైరు రాత్రికి రాత్రే కోసుకొని పోయినారు. ఇంకొకరివి రెండు మేకలు పోయినాయి. మరొక అక్కకు ఫోను చేసి, లోను వచ్చిందని చెప్పి ఓటీపీ అడిగినారు. వాయిదాకు దాచిన డబ్బంతా పోయింది. ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు. వాయిదా రోజు మా ముందర ఏడిస్తే అప్పుడు తెలిసింది. వెంటనే 1930కి ఫోను చేస్తే డబ్బు ఆపడానికి వీలుంటుందని మాకూ అప్పటికి తెలియదు. లీడర్లమై ఉండి కూడా!

ఈ ముగ్గురిలో స్టేషనుకు పోయినోళ్లు ఒక్కరూ లేరు. "ఆ రోజు కూలీ పోతుంది, పోయిందీ రాదు" అన్నది మేకలక్క.

జాతీయ నేర రికార్డుల బ్యూరో వేసే పుస్తకంలో స్టేషనులో నమోదైన కేసులే ఉంటాయి. అంటే మా వైరు, మా మేకలు, మా ఓటీపీ ఏవీ జరగనట్టే.

ఇట్లా దాగిపోయినవి ఎన్నో తెలుసుకోవాలని 2019 మార్చిలో కేంద్ర హోం శాఖ ఒక ఇంటింటి సర్వేకు అనుమతి ఇచ్చింది. 173 జిల్లాలు, 1 లక్షా 20 వేల ఇళ్లు, 9 నెలల పని. జరిగినా పోలీసులకు చెప్పనివి ఎన్ని, చెప్తే రాసుకున్నారా, ఆడవాళ్లకు, పిల్లలకు భద్రత ఉందనుకుంటున్నారా అని అడగడానికి. అమెరికాలో ఇట్లాంటి సర్వే 1973 నుంచే ఉంది.

మంచిదే. కానీ ఎవరో వచ్చి అడిగితే మనం చెప్తామా? అరుగు మీద అత్త ఉంటుంది, వాకిట్లో మొగుడు నిలబడి వింటా ఉంటాడు. "ఏం లేదు సార్, అంతా బాగుండాము" అంటాం. మేమూ అట్లా అన్నోళ్లమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంట్లో దెబ్బల గురించి ఒక ఇంటికి ఒక్క ఆడమనిషినే, అదీ పక్కన ఎవరూ లేకుండా అడగాలని నియమం. వీలు కాకపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. అట్లా అడిగితే 2019-21 సర్వేలో తేలింది ఏమంటే, హింస పడిన ఆడవాళ్లలో సహాయం అడిగినోళ్లు వందకు 14 మందే. మిగతా వాళ్లు మన సంఘాల్లోనూ ఉండారు, పక్కనే కూర్చొని పొదుపు కడతా ఉండారు.

అందుకే సమాఖ్యను ఒకటి అడుగుతున్నాం. ప్రతి సంఘంలో నెలకొకసారి, మీటింగు అయినాక, ఆడవాళ్లమే ఉన్నప్పుడు అడుగుదాం. ఏం జరిగింది, స్టేషనుకు పోయినారా, పోకుంటే ఎందుకు పోలేదు. పేరు రాయొద్దు. మినిట్స్ బుక్కులో అసలే వద్దు, దాన్ని బ్యాంకోళ్లు, ఆడిటోళ్లు చూస్తారు. వేరే చిన్న నోటుబుక్కు చాలు, అది ఎవరింటికీ పోకుండా సమాఖ్య బీరువాలో ఉండాల. ఈ రోజే తీర్మానం చేయమని కోరుతున్నాం.

మా ఓటీపీ అక్క వెనక వరసలో కూర్చొని ఉంది. మొదటి పేజీలో తన సంగతే రాయమన్నది.