తుపాకీ ఒక్కటే చాలదు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి దేశాన్ని జయించడం ఒక ఎత్తు, దాన్ని గుప్పిట్లో ఉంచుకోవడం మరొక ఎత్తు. మొదటిదానికి ఫిరంగులు చాలు. రెండోదానికి కాగితం, కలం కూడా కావాలి. అల్జీరియా చరిత్ర చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

1830 జూలై 5న ఫ్రెంచి సేనలు అల్జీర్సు నగరాన్ని పట్టుకున్నాయి. ప్రజల మతానికి, ఆస్తులకు భంగం కలిగించబోమని సేనాపతి రాతపూర్వకంగా మాట ఇచ్చాడు. ఆ సిరా ఆరకముందే, అదే సంవత్సరం, వక్ఫు ఆస్తులను సర్కారు పరం చేసే ఉత్తర్వులు వచ్చాయి. మసీదులు, బడులు, బీదసాదలు ఆ రాబడి మీదనే బతికేవి. వేరు తెగితే చెట్టు నిలుస్తుందా? 1832లో కెచావా మసీదునే చర్చిగా మార్చారు.

తర్వాత భూమి వంతు. కుటుంబాలు, తెగలు ఉమ్మడిగా అనుభవించే నేలను 1873 నాటి చట్టం విడివిడి వాటాలుగా చీల్చే దారి తెరిచింది. వాటా విడిపోయాక అమ్మకానికి రావడం ఎంతసేపు? వలస వచ్చినవారు కొనుక్కున్నారు. 1881 నుంచి ముస్లిములకు మాత్రమే వర్తించే శిక్షల పట్టీ ఒకటి అమలైంది. కోర్టు విచారణ లేకుండానే అధికారి జరిమానా వేయొచ్చు, జైల్లో పెట్టొచ్చు. పల్లెల్లో పన్ను రాబట్టడానికి స్థానికులనే కాయిద్‌లుగా నియమించారు. జనం కోపం ముందుగా తమవాడి మీదికే పోయేదన్నమాట! 1938లో వచ్చిన ఉత్తర్వు అరబ్బీని దాని సొంత గడ్డ మీదనే విదేశీ భాషగా లెక్కగట్టింది.

మరి జనం ఏం చేశారు? 1931లో అబ్దుల్ హమీద్ బిన్ బాదీస్ నాయకత్వంలో ఉలమాలు సంఘం పెట్టి, ఊరూరా బడులు తెరిచారు. పలకా బలపంతో మొదలైన మేలుకొలుపు అది. 1954లో సాయుధ పోరాటం రేగింది. లెక్కలేనంత రక్తం పారింది. 1962 జూలై 5న, సరిగ్గా 132 ఏళ్లకు, స్వాతంత్ర్యం వచ్చింది. కెచావా మళ్లీ మసీదయింది. కాని అప్పటికి పెద్దవాళ్లలో అత్యధికులకు చదవను, రాయను రాదు. జెండా మారినంత తేలికగా ఆ నష్టం పూడలేదు.

ఇంత చెప్పింది ఎవరినో తిట్టుకోవడానికి కాదు. అక్కడ వక్ఫునూ, బడినీ పరాయివాడు లాక్కున్నాడు. మన పెట్టెల్లో చెదలు తినే దస్తావేజులకు, బడి మానేసిన మన పిల్లలకు కారణం ఎవరు? ఆ జవాబు మాత్రం మనమే చెప్పుకోవాలి.