పాతబండి కొనుగోలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో అమ్మువాని యింటికే పోయి పాత మోటారుసైకిలు కొనఁదలఁచువారు, బేరమునకుఁ బూర్వమే ఆర్సీయందలి ఇంజను, ఛాసిస్ సంఖ్యలను బండిపై నున్నవానితో సరిచూచి, ఋణము తీరినట్లు ఫైనాన్సువారు సంతకించిన 35వ ఫారము గలదో లేదో, చలానులు మిగిలినవో లేవో విచారింపవలయును. 2016లో జిల్లాలు వేఱుపడకముందు ఈ ప్రాంతపు బండ్లు కరీంనగర్ జిల్లా సంఖ్యతో నమోదైనవి గావున, ఆ సంఖ్య యుండుట దోషము గాదు. 15 ఏండ్ల నమోదు గడువు ముగిసెనా యనునదియే పరిశీలనీయము. ఇంజను చల్లగా నున్నపుడే నమ్మకమైన మెకానిక్కుచే స్టార్టు చేయించి పొగను, చప్పుడును గమనింపుఁడు. సొమ్ము చెల్లించునపుడే యాజమాన్యపు మార్పునకైన 29, 30 ఫారములపై అమ్మువాని సంతకములు గైకొని, 14 దినములలో బీమాను, 30 దినములలో ఆర్సీని మీ పేర మార్పించుకొనుఁడు. పేరు మాఱని బండి ప్రమాదమునకు నమోదైన యజమానియే బాధ్యుఁడని సుప్రీంకోర్టు 2018లోఁ దీర్పుచెప్పినది గనుక, ఈ జాగ్రత్త అమ్మువానికిని శ్రేయోదాయకము.